ఏమీ అనదు, రండి

మొన్న ఆగస్టులో మా పుస్తకాల వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి అడిగింది: “మంచి రొమాన్స్ నవల ఏదైనా ఉంటే చెప్పండి. చిన్న ఊరు ఉండాలి. కుక్క ఉండాలి. హీరో హీరోయిన్లు ఇద్దరూ మనసులో మాట ఒక పట్టాన బయటపెట్టని మనుషులై ఉండాలి. ఎవరూ చచ్చిపోకూడదు.”

రిక్వైర్‌మెంట్స్ ఇంత క్లియర్‌గా మా క్లయింట్లు కూడా ఇవ్వరని ఎవరో జోకేశారు. నిజానికి ఆ వారం గ్రూపులో జోకులు తక్కువగానే ఉన్నాయి. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. 22న ముగ్గురు జడ్జీల బెంచి ఆ మాటను సవరించి, ఆపరేషన్ చేసి టీకాలు వేసినవాటిని పట్టుకున్న చోటే తిరిగి వదలమంది. రేబిస్ సోకినవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దంది. ఈ రెండు తేదీల మధ్య మా గ్రూపు రెండు ముక్కలైంది. ఇటువాళ్ళు అటువాళ్ళని పిల్లల ప్రాణాలంటే లెక్కలేనివాళ్ళన్నారు. అటువాళ్ళు ఇటువాళ్ళని రాతిగుండెవాళ్ళన్నారు. ఆ గొడవ మధ్యలో పాపం ఆ అమ్మాయికి ఒక నవల కావాల్సొచ్చింది.

నేను మూడు పేర్లు రాశాను. రాస్తూ రాస్తూ ఆ చివరి షరతు దగ్గర ఆగిపోయాను. ఆమె అడిగిన కథ, ఆ ఒక్క షరతు చుట్టూ తిరుగుతూ, రెండేళ్ళ కింద పెద్ద అంబర్‌పేట్‌లో నాకే జరిగింది. గ్రూపులో చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

ముందు ఆ మూడు పుస్తకాల సంగతి.

మొదటిది జిల్ షాల్విస్ 2011లో రాసిన ‘యానిమల్ మాగ్నెటిజం’. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో దొరికింది. ఐడహోలో సన్‌షైన్ అనే ఊహా పట్టణం. జంతువుల్ని చూసుకునే లైలా అనే అమ్మాయి తన జీపుతో బ్రేడీ అనే పైలట్ ట్రక్కును గుద్దుతుంది. జీపు నిండా జంతువులే. అతను ఎక్కడా కుదురుగా ఉండని మనిషి, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఇద్దరికీ ఎవర్నీ దగ్గరకు రానివ్వని గుణం. మిగతాది మీరు ఊహించగలరు. ఊహించగలగడమే ఆ రకం నవలల్లో సుఖం. తెలిసిన రూట్‌లో సిటీ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

రెండోది ఆన్ టైలర్ ‘ది యాక్సిడెంటల్ టూరిస్ట్’, 1985. ఇది చిన్న ఊరు కాదు, బాల్టిమోర్. మేకన్ లియరీ అనే ఆయన ప్రయాణాలంటే గిట్టనివాళ్ళ కోసం ప్రయాణ గైడ్లు రాస్తుంటాడు. పన్నెండేళ్ళ కొడుకును ఎవరో దుండగుడు కాల్చి చంపాడు. భార్య వెళ్ళిపోయింది. మిగిలింది ఎడ్వర్డ్ అనే కుక్క. అది కొడుకు కుక్క, కాబట్టి వదిలించుకోలేడు. అది చూస్తేనేమో అందరి మీదా పడి కరుస్తుంది. దానికి బుద్ధి నేర్పడానికి మ్యూరియల్ అనే ఒక వాగుడుకాయ వస్తుంది. 1988లో సినిమాగా తీస్తే ఆ పాత్ర వేసిన జీనా డేవిస్‌కి ఆస్కార్ వచ్చింది.

మూడోది చెకోవ్ 1899 కథ, ‘కుక్కపిల్లతో ఉన్న మహిళ’. మీలో చాలామంది చదివే ఉంటారు. యాల్టా సముద్రతీరంలో తెల్ల పొమరేనియన్‌ని తిప్పుకుంటూ ఒంటరిగా ఒకావిడ. ఆమెతో మాట కలపాలని గురోవ్ ముందు కుక్కను పిలుస్తాడు, దగ్గరికొస్తే వేలు చూపించి బెదిరిస్తాడు, అది గుర్రుమంటుంది. అది కరవదని ఆమె సిగ్గుపడుతూ చెప్తుంది. ఒక ఎముక ముక్క పెట్టొచ్చా అని అతను అడుగుతాడు. ప్రపంచ సాహిత్యంలోని ఒక గొప్ప ప్రేమ ఇంత మామూలుగా, కుక్కను అడ్డం పెట్టుకుని మొదలవుతుంది.

ఇలాంటిది తెలుగులో ఏదని ఆలోచించాను. మా అమ్మ బీరువాలో యద్దనపూడి నవలలన్నీ ఇంటర్ సెలవుల్లో చదివేశాను. మొత్తంగా నేను చదివిన తెలుగు నవలల్లో, చూసిన సినిమాల్లో కుక్క గేటు దాటి లోపలికి రాలేదు. అది బంగళావాళ్ళ హోదా గుర్తు. గేటు మీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు, పేద హీరో అదిరిపడటం, గూర్ఖా నవ్వడం. లేకపోతే కమెడియన్ని తరమడానికి పనికొస్తుంది. ఇద్దరు మనుషుల్ని కలిపే పని మనం చిలకలకీ హంసలకీ ఇచ్చాం గానీ దీనికి ఇవ్వలేదు. కానీ మన ఇళ్ళల్లో కుక్క గురించి రోజూ పలికే మాట ఒకటుంది. గుమ్మంలో చుట్టం తటపటాయిస్తుంటే లోపల్నుంచి ఒక కేక వినిపిస్తుంది: “ఏమీ అనదు, రండి.”

కరవదు అనం. ఏమీ అనదు అంటాం.

ఇక నా కథ.

2021లో నేను పెద్ద అంబర్‌పేట్ వచ్చాను. మాది నకిరేకల్. కంపెనీ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చింది, హైటెక్ సిటీ వైపు ఫ్లాట్ కొనే స్తోమత లేదు, ఊరికి పోవాలంటే విజయవాడ హైవే పక్కనే ఉంటుంది. ఇవి నేను అందరికీ చెప్పే కారణాలు. చెప్పని కారణం ఏంటంటే, నిశ్చితార్థం అయిన ఏడు నెలలకి నా పెళ్ళి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగేవాళ్ళు లేని చోట ఉండాలనిపించింది. అవుటర్ రింగ్ రోడ్డు, హైవే కలిసే ఆ జంక్షన్ అప్పటికి నాకు సరిగ్గా సరిపోయింది. ఊరు కాదు, సిటీ కాదు. ఒక అపార్ట్‌మెంట్, దాని పక్కన నాలుగు ఖాళీ ప్లాట్లు, తుమ్మ చెట్లు, మళ్ళీ ఒక అపార్ట్‌మెంట్. రాత్రి పదింటికి ఫ్లైఓవర్ కింద సూట్‌కేసులతో విజయవాడ బస్సుల కోసం నిలబడే జనం. వాళ్ళు వెళ్ళిపోయాక మిగిలేది టీ బండి, రెండు ఆటోలు, కుక్కలు.

నేను కుక్కలకి అన్నం పెట్టడం గొప్ప కరుణతో మొదలుపెట్టలేదు. ఒక్కడికి వండుకుంటే ఎప్పుడూ మిగిలేది. తర్వాత్తర్వాత చికెన్ సెంటర్‌లో కాళ్ళు, మెడలు తెచ్చి, పసుపేసి అన్నంతో కలిపి ఉడికించడం దాకా వచ్చింది. కానీ ఒక నియమం పెట్టుకున్నాను. దేనికీ పేరు పెట్టకూడదు. పేరు పెడితే మనదైపోతుంది. మనదైతే పోయినప్పుడు ఏడవాలి.

ఆమె బిస్కెట్ ప్యాకెట్లతో వచ్చేది. హైవే పక్కన ఇంటర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్పేది. పక్క గల్లీలో డాబా మీద సింగిల్ రూమ్. ఇప్పుడు హైదరాబాద్‌లో దాన్ని పెంట్‌హౌస్ అంటున్నారు. ఊరు జగ్గయ్యపేట. ఇవన్నీ నాకు చాలా రోజుల తర్వాత తెలిసినవి. మొదటి రోజు నేను ఆమెతో అన్న మాట: “బిస్కెట్లు పెట్టకండి, షుగర్.” ఆమె నావైపు చూసి, ప్యాకెట్ మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చింది. వాటి పెంకులు తీస్తూ, “ఇదైనా ఓకేనాండీ?” అంది. ఎత్తిపొడుపో, నిజంగా అడిగిందో అర్థం కాలేదు.

అక్కడున్న ఆరేడు కుక్కల్లో ఒకదానికి తెల్లటి వీపు మీద గుండ్రంగా గోధుమరంగు మచ్చ ఉండేది. “దీనికి మీరేం పేరు పెట్టారు?” అని ఒకరోజు అడిగింది.

“పేరేం లేదండి.”

“నేను అట్టు అంటాను. ఒకవైపే కాలిన అట్టు లాగా లేదూ?”

తర్వాత ఆరు నెలల్లో మేం మాట్లాడుకున్నవన్నీ కలిపితే ఒక ఈమెయిల్‌కి చాలవు. ఆమె డైవోర్సీ అన్న సంగతి కూడా ఆమె చెప్పలేదు, టీ బండి ఆయన చెప్పాడు. ఆయనకి ఇంటి ఓనర్ చెప్పాడట. ఇక్కడే నాకు ఆ అమెరికన్ చిన్న ఊళ్ళ నవలల మీద ఒక పేచీ ఉంది. వాటిలో ఊరంతటికీ అందరి విషయాలూ కావాలి. బేకరీ ముసలమ్మ దగ్గర్నుంచి పోస్ట్‌మాన్ దాకా హీరో హీరోయిన్లని కలపడానికి కుట్ర పన్నుతుంటారు. మనసు మూసుకున్న మనిషికి ఊరే మందు. మన దగ్గర మనసు మూసుకునేది ఆ ఊరికి భయపడే. ఒంటరి ఆడమనిషికి గది ఇచ్చేముందు ఓనర్ “ఎవరెవరు వస్తుంటారు?” అని అడుగుతాడు. రాత్రి పదింటికి ఫ్లైఓవర్ కింద ఒక మగవాడి పక్కన ఐదు నిమిషాలు నిలబడితే తెల్లారేసరికి సమాధానం తనే రాసుకుంటాడు. నవల్లో గార్డ్ అంటే పాత గాయం. ఇక్కడ అది రోజువారీ రక్షణ, హెల్మెట్ లాంటిది. అందుకే మేం ఎప్పుడూ ఆరడుగుల దూరంలో నిలబడి, ఒకరినొకరు చూడకుండా, కుక్కల్ని చూస్తూ మాట్లాడుకునేవాళ్ళం.

2023 జనవరిలో అట్టుకి ఆపరేషన్ చేయించాం. అన్నం ఆశ చూపించి, దుప్పటి వేసి పట్టుకుని, ఇద్దరం కలిసి బండి ఎక్కించాం. చెవి కొస కత్తిరించి, రేబిస్ టీకా వేసి పంపారు. ఆ చెవి కోత చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, దీనికి ఆపరేషన్ అయిందని. ఆ రోజు ఆమె మొదటిసారి నా ముందు గట్టిగా నవ్వింది. దుప్పటి కింద కుక్క బదులు నా చెయ్యి దొరికింది మరి.

ఫిబ్రవరి 19 ఆదివారం. అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధికుక్కలు చంపేశాయి. మీరు ఆ సీసీటీవీ వీడియో చూసే ఉంటారు. నేను ఒక్కసారే చూశాను. వాళ్ళ నాన్న అక్కడ సెక్యూరిటీ గార్డ్. ఆదివారం కదా అని పిల్లల్ని వెంట తెచ్చుకున్నాడు.

ఆ అంబర్‌పేట వేరు, మా పెద్ద అంబర్‌పేట్ వేరు. రెంటికీ మధ్యలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ ఉన్నాయి. అయినా ఆ వారమంతా బంధువులు ఫోన్లు చేసి “మీ దగ్గరేనట కదా?” అని అడుగుతూనే ఉన్నారు. కాదని చెప్పీ చెప్పీ, ఒక దశలో నాకే సిగ్గేసింది. ఏదో మనకు సంబంధం లేదన్నట్టు చెప్తున్నానేంటి అని.

తర్వాతి ఆదివారం కాలనీ మీటింగ్. కుక్కల్ని ఎత్తుకుపోవాలని అందరూ. అన్నం పెట్టేవాళ్ళ వల్లే ఇవి ఇక్కడ తిరుగుతున్నాయని కొందరు నావైపు చూస్తూ. ఒక రిటైర్డ్ తెలుగు పంతులుగారు లేచి ధర్మరాజు కథ ఎత్తుకున్నారు, కుక్క లేకుండా స్వర్గానికి రానన్నాడని. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ కుర్చీలు సర్దుతూ అక్కడే ఉన్నాడు. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, ఏడేళ్ళ కూతురు ఉంది. మెల్లగానే అన్నాడు: “సారూ, ధర్మరాజు ఎంబడి పోయిన కుక్క ఎవ్వల పిల్లల్నీ కరవలే.”

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. భారతం కుక్కతో ముగుస్తుందని అందరికీ తెలుసు గానీ, కుక్కతోనే మొదలవుతుందని నాకు నన్నయ ఆదిపర్వం తిరగేసేదాకా తెలీదు. జనమేజయుడి యాగం దగ్గర తిరుగుతున్న కుక్కపిల్లని అతని తమ్ముళ్ళు ఊరికే కొడతారు. తల్లి సరమ వచ్చి, ఏ తప్పూ చేయనివాణ్ణి ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. ఆ తల్లి ప్రశ్నా, ఈ తండ్రి మాటా రెండూ ఒకే మీటింగులో కూర్చున్నట్టు అనిపించింది నాకు.

ఆ మార్చిలో కేంద్రం 2001 నాటి పాత నియమాల స్థానంలో యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్ 2023 తెచ్చింది. అన్నం పెట్టే చోటు పిల్లలు ఆడుకునే జాగాకీ, మెట్లకీ, గుమ్మాలకీ దూరంగా ఉండాలి, పిల్లలూ ముసలివాళ్ళూ తిరగని వేళ చూసుకోవాలి అని అందులో ఉంది. నేను దాన్ని ప్రింటు తీసి, ఒప్పించి, ఖాళీ ప్లాట్ల చివర ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఒక చోటు ఖాయం చేయించాను. రాత్రి పది తర్వాతే. రూలు పెట్టించింది నేనే. ఈ మాట గుర్తుంచుకోండి.

జూలైలో ముసురు పట్టింది. వరసగా నాలుగో రోజు వాన. సాయంత్రం ఆరున్నర. ఖాళీ ప్లాట్లు బురద. పదింటిదాకా ఆగి అంత దూరం పోవడానికి బద్ధకమేసి, అట్టు గేటు దగ్గరే తడుస్తుంటే అక్కడే స్లాబు కింద గిన్నె పెట్టేసి పైకొచ్చాను. బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. వాచ్‌మెన్ కూతురు పాలప్యాకెట్ పట్టుకుని వచ్చి, గేటు దగ్గర కుక్కను చూసి ఆగిపోయింది. తలెత్తి నన్ను చూసింది. నేను పైనుంచి కేకేశాను:

“ఏమీ అనదు, రా!”

ఆ పిల్ల నన్ను నమ్మింది.

పిక్క మీద రెండు పళ్ళు దిగాయి. నేను కిందికి పరిగెత్తేసరికి పాలు, రక్తం, వాన నీళ్ళు కలిసి పారుతున్నాయి. పావుగంట సేపు కుళాయి కింద సబ్బుతో కడగాలని చదివి ఉన్నాను గనక కడిగాను. ఆ పిల్ల ఏడవలేదు, వణికింది. ఆ అరుపులకి పక్క గల్లీలోంచి ఆమె గొడుగు కూడా లేకుండా వచ్చింది. నా కార్లోనే సర్కారు దవాఖానకి పోయాం, పిల్లా, వాళ్ళమ్మా, ఆమె, నేను. మా నాన్న కాలంలో కుక్క కరిస్తే నారాయణగూడ పోవాల్సిందే. ఇప్పుడు దగ్గర్లోనే దొరుకుతున్నాయి. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ సీరం, ఆపైన టీకా. మళ్ళీ 3, 7, 28 రోజులకి రమ్మని చీటీ రాశారు. పిల్ల ఏడ్చింది సీరం సూది గుచ్చినప్పుడే.

చీటీ రాస్తూ అడిగారు: “ఎవరి కుక్క?”

“వీధికుక్క,” అన్నాను.

అబద్ధం కాదు. నిజం కూడా కాదు. అన్నం పెట్టింది నేను, ఆపరేషన్ చేయించింది నేను, గేటు దగ్గర గిన్నె పెట్టింది నేను, రమ్మన్నది నేను. తిరుగు ప్రయాణంలో వాళ్ళమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. నన్నొక్క మాట అనలేదు. వాళ్ళని దింపాక ఆమె కార్లోనే ఉండి అడిగింది:

“మీ కుక్కని ఎందుకు చెప్పలేదు?”

“నా కుక్క కాదు కదండీ.”

“మరి ఎవరిదండీ?”

నా దగ్గర జవాబు లేదు. ఆమె తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు చెకోవ్ కథలో ఇంకో చోటు గుర్తొచ్చింది. గురోవ్ ఆమెని మర్చిపోలేక ఆమె ఊరు వెతుక్కుంటూ వెళ్తాడు. ఆ ఇంట్లోంచి పనిమనిషి లాంటి ముసలావిడతో తెల్లకుక్క బయటికొస్తుంది. పిలవబోతాడు. గుండె కొట్టుకునే కంగారులో దాని పేరు గుర్తురాదు. కథ మొత్తంలో మనకీ ఆ పేరు తెలీదు. కాలేజీలో చదివినప్పుడు ఇది చిలిపి చమత్కారం అనుకున్నాను. ఆ రాత్రి అనిపించింది, అతను అప్పటిదాకా ఆమె జీవితంలో దేనికీ పేరుతో బాధ్యత తీసుకోలేదు. ఆ కుక్క అతనికి ఆమె దగ్గరికి దారి మాత్రమే. నేను పేరు పెట్టకపోవడాన్ని పెద్ద వైరాగ్యం అనుకున్నాను. అది దవాఖానలో తప్పించుకోవడానికి ముందే కట్టుకున్న గోడ.

టీకా వేయించిన కుక్కే అయినా, కరిచాక పది రోజులు గమనించాలి. పది రోజులు ఆరోగ్యంగా ఉంటే, కరిచేనాటికి దానికి రేబిస్ లేనట్టు. రోడ్డు మీద గమనించలేం. అట్టుని నా ఫ్లాట్‌కి తెచ్చి బాల్కనీలో కట్టేశాను. ఫ్లోర్ అంతా గొడవ. మూడు రోజులు అది రాత్రుళ్ళు ఏడ్చింది. నేను స్ప్రెడ్‌షీట్ తెరిచాను: తేదీ, తిన్నది, తాగింది, నడక, నోట్లో చొంగ. నాకు వచ్చిన పని అదొక్కటే. ఆ లింకు ఆమెకి పంపాను. రెండో రోజు షీట్‌లో ఆమె కర్సర్ కనిపించింది. ఒక కొత్త కాలమ్ చేర్చింది: ‘పిల్ల ఎలా ఉంది’. నాకు తట్టని కాలమ్ అది.

మూడో రోజు టీకాకి నలుగురం మళ్ళీ పోయాం. సాయంత్రాలు ఆమె కుక్కని చూడటానికి వచ్చేది, తలుపు బార్లా తీసి ఉంచేది. కారిడార్‌లో వెళ్ళేవాళ్ళంతా తొంగిచూసేవారు. చూడనివ్వండి, అంది. తన పెళ్ళి గురించి కూడా ఆ తలుపు దగ్గరే, కుక్క నీళ్ళ గిన్నె కడుగుతూ, నాలుగు వాక్యాల్లో చెప్పింది. అవి ఆమె మాటలు, ఇక్కడ రాయను. నేను కూడా నా ఏడు నెలల సంగతి చెప్పాను.

ఏడో రోజు టీకా వేయించి వచ్చాక వాచ్‌మెన్ గదికి పోయి అంతా చెప్పాను. గిన్నె నేనే అక్కడ పెట్టాననీ, పైనుంచి నేనే రమ్మన్నాననీ. అతను బీడీ ఆర్పి అన్నాడు: “ఎర్కే సారూ. పిల్ల మొదటి దినమే చెప్పింది. మీరు చెప్తరా చెప్పరా అని చూస్తున్న.”

తిడతాడేమో అనుకున్నాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మళ్ళీ నవలల దగ్గరికి వస్తాను. కుక్కల రొమాన్సుల్లో నాకు తర్వాత మింగుడుపడని విషయం ఇదే. వాటిలో కుక్క ఎప్పుడూ సరైనవాళ్ళనే నాకుతుంది, చెడ్డవాళ్ళ మీదే మొరుగుతుంది. రచయిత్రి చేతిలో అదొక టెస్టింగ్ టూల్. హీరో మంచివాడని కుక్క పాస్ చేస్తే చాలు, హీరోయిన్‌తో పాటు మనమూ నమ్మేస్తాం. అసలు కుక్కకి మంచీ చెడూ తెలీదు. తింటున్నప్పుడు దగ్గరికొస్తే కరుస్తుంది, అంతే. మంచి చెడులు చూసుకోవాల్సింది గిన్నె పెట్టినవాడు. అందుకే ఆన్ టైలర్ ఈ ముగ్గురిలో నాకు ఎక్కువ దగ్గరైంది. ఆమె ఎడ్వర్డ్ నిజంగా కరుస్తుంది. దానికి తాడు వేసి, ఆగమంటే ఆగడం నేర్పుతూ మేకన్ తనేం నేర్చుకుంటున్నాడో గమనించడు. ప్రేమించడం కంటే ముందు, తన వల్ల ఇంకొకరికి జరిగే దానికి జవాబుదారీగా ఉండటం నేర్చుకుంటాడని నేను చదువుకున్నాను.

28వ రోజు చివరి సూది. బయటికొచ్చాక ఆ పిల్లకి ఐస్‌క్రీమ్ కొనిచ్చాం. తింటూ తింటూ అడిగింది: “అట్టుని మళ్ళా రోడ్డు మీదికి ఇడుస్తరా?”

రూల్స్ ప్రకారం దాని చోటు అదే. పది రోజులూ అయిపోయాయి, కుక్క నిక్షేపంగా ఉంది. వదలొచ్చు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. “ఇడువం,” అన్నాను. ‘ఇడువం’ అని బహువచనం ఎందుకొచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. ఆమె మాత్రం గమనించిందట.

అపార్ట్‌మెంట్‌లో కుక్క వద్దన్నారు. ఇళ్ళ వేట మొదలైంది. బ్యాచిలర్స్‌కి ఇవ్వం. కుక్కలుంటే ఇవ్వం. నాన్‌వెజ్ అయితే ఇవ్వం. ఈ మూడూ ఉన్నవాడికి అసలే ఇవ్వం. ఆమె గది ఓనర్ కూడా ఖాళీ చేయమన్నాడు, కారణం చెప్పకుండా. చివరికి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఒక పాత ఇల్లు, వేపచెట్టు, ప్రహరీ. చూడటానికి తోడు రమ్మంటే వచ్చింది. ముసలాయన తాళం తీస్తూ అడిగాడు: “మీరిద్దరూ ఏమవుతరు?”

అమెరికన్ నవలలో ఈ ఘట్టం ఊరి జాతరలో లైట్ల కింద వస్తుంది. మాకు టులెట్ బోర్డు కింద వచ్చింది. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆమె అంది: “చెప్పండి. దవాఖానలో లాగా చెప్పకండి మాత్రం.”

“పెళ్ళి చేసుకుంటున్నామండి,” అన్నాను ముసలాయనతో. ఆమెని అడగకముందే ఇంటి ఓనర్‌కి చెప్పిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. ఆమె లోపలికెళ్ళి కుళాయిలో నీళ్ళొస్తున్నాయో లేదో చూసింది. చూసొచ్చి, “బాగానే వస్తున్నాయి. తీసుకుందాం,” అంది. అదే ఆమె ఒప్పుకోలు.

1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అప్లై చేస్తే ముప్పై రోజుల నోటీసు. మా పేర్లు, అడ్రసులతో ఆఫీసులో అందరికీ కనిపించేలా కాగితం అంటిస్తారు. జీవితమంతా అడ్రస్ దాచుకుని బతకాలనుకున్న ఇద్దరికి అది మంచి శిక్షే. 28 రోజుల చీటీ తర్వాత ముప్పై రోజుల కాగితం. మా అమ్మ ఫోన్లో ఒకటే మాట అంది: “ఆమెకు ఒకసారి అయిందంట గదరా.” “నాకు ఒకసారి కాలేదు గదమ్మా,” అన్నాను. కొంచెంసేపు ఊరుకుని, “కుక్క ఇంట్లోకి వస్తదా?” అని అడిగింది. అప్పుడు అర్థమైంది, ఒప్పుకుందని.

ఆ పిల్ల ఇప్పుడు నాలుగో క్లాసు. ఇప్పటికీ కుక్క కనిపిస్తే రోడ్డుకి అవతలి వైపు పోతుంది. మా ఇంటికి ఒకసారి వాళ్ళ నాన్నతో వచ్చింది, స్కూటర్ దిగలేదు. దిగమని నేను అనలేదు. మా కథ సుఖాంతమే గానీ, దాని ఖర్చులో కొంత ఆ పిల్ల కట్టింది. గ్రూపులో ఎవరు ఎటువైపు వాదించినా నేను చప్పుడు చేయనిది అందుకే. నాకు రెండు వైపులా బాకీ ఉంది.

ఆ అమ్మాయికి మూడు పుస్తకాల పేర్లూ పంపాను. మీ షరతులన్నిటికీ సరిపోయేది మొదటిదేనని రాశాను. మిగతా రెండూ ఎప్పుడైనా ధైర్యమున్నప్పుడు చదవమన్నాను.

పోయిన దసరాకి అమ్మ నకిరేకల్ నుంచి వచ్చింది. బస్సు దిగి ఆటోలో వచ్చి గేటు బయట సంచి పట్టుకుని నిలబడింది. లోపల వేపచెట్టు కింద అట్టు లేచి, చెవులు రిక్కించి చూస్తోంది.

“ఏమన్న అంటదారా?” అని అరిచింది అమ్మ.

“అంటది. ఆగమ్మా, కట్టేసి వస్తా,” అన్నాను.